గట్టు వెడల్పు

మూడు మిల్లీమీటర్లు, అంది డాక్టర్ ఆఫ్కె
తెర మీద నా దవడను అడ్డంగా కోసి చూపిస్తూ.
ఆరుండాలి. ఏడైతే ఇంకా మేలు.
ఇంత సన్నటి గట్టులో మర దింపితే
రెండు పక్కలా బీటలే.

నవ్వొచ్చింది. నవ్వితే ఎడమవైపు ఖాళీ కనబడుతుందని
చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.
ముప్పై ఒక్కేళ్ళు నేను చూసిందీ గట్టు బలమే.
ఫ్రీస్లాండ్ కాలవల్లో నడుంలోతు నీళ్ళలో నిలబడి
కన్నం ఎంత లోపలికి పోయిందో
కర్ర గుచ్చి కొలవడం.
నీటి బోర్డు జీతానికి
కస్తూరి ఎలుకల్ని పట్టేవాణ్ణి.

పైన గడ్డి పచ్చగానే ఉంటుంది.
గొర్రెలు మేస్తుంటాయి, సైకిళ్ళు పోతుంటాయి.
లోపలంతా గుల్ల.
ఎవరిదో ట్రాక్టరు చక్రం దిగబడిన రోజున
ఊరికి తెలుస్తుంది.

నా నోట్లోనూ అంతే జరిగింది.
రెండు దవడ పళ్ళు పీకించుకుని పదహారేళ్ళు.
పైన చిగురు నున్నగా మూసుకుపోయింది.
కింద, నమిలే పని పోయిన ఎముక
చెప్పాపెట్టకుండా
ఒక్కో పిసరూ సర్దుకుని వెళ్ళిపోయిందట.

పంటి బిగువున ఓర్చుకోరా వీబ్రెన్, అనేవాడు
జనవరి నీళ్ళలో మా పెద్దాయన యెల్లె.
ఏ పంటి, చెప్పు?

మార్చిలో కోసింది.
సగం ముఖం నాది కాదు, చెవులు మాత్రం నావే.
దవడ వెనక మూల నుంచి గోరంత పలక చెక్కి తీసి
సన్నబడిన చోట ఆనించి
రెండు బుల్లి మరలతో బిగించింది.
సందుల్లో తెల్లటి రవ్వ పోసింది.
ఏమిటది, అని కళ్ళతో అడిగాను.
ఆవు ఎముక, అంది. ఆవుతనమంతా కడిగేసినది.
దాని మీద కప్పిన పొర?
పంది.
నోట్లో పశువుల కొట్టం కట్టించుకున్నాననుకున్నాను.

ఇది పూడ్చడం కాదు, అంది కుట్లు వేస్తూ.
ఇది పరంజా. దీన్ని పట్టుకుని ఎక్కి రావలసింది
మీ ఎముకే.
ఎప్పటికి?
ఆరు నెలలు. తొందరపెడితే రాదు.

ఎడమవైపు నమలకు. పొగ మానెయ్యి. నాలుకతో తడమకు.
వద్దన్న చోటికే పోతుంది నాలుక
తెల్లవారుజామున, ఎలుకలా.

నా తర్వాత నా బోనులు తీసుకున్న పిల్ల, నీంకె,
మెత్తగా రుబ్బిన బఠానీ సూప్ తెచ్చింది ఒక సాయంత్రం.
దానితోపాటు, ఆటకి, ఒక ఎలుక పుర్రె.
నారింజ రంగు ముందు పళ్ళు, ఉలుల్లా.
చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయిట కదా ఇవి, అంది.
తెలుసన్నాను.
నా లెక్కల పుస్తకాల్లో పద్దెనిమిది వేల పైచిలుకు ఉన్నాయి.
ఆ పుర్రె కిటికీలో పెట్టుకున్నాను.
ఎందుకని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మే నెలలో ఒక కుట్టు విడిపోయింది.
గంజి తాగుతుంటే నాలుక మీదికి ఒక రవ్వ గింజ వచ్చింది.
పంటి కింద రాయి అంటారే, అది కూడా కాదు,
పన్ను లేని చోట రాయి.
వేలి మీద పెట్టుకుని చాలాసేపు చూశాను.
ఎక్కడి ఆవో.

ఒక మూల పోయింది, అంది డాక్టర్. దాచలేదు.
మిగతాది నిలుస్తుందా?
చూద్దాం.
గట్ల గురించి నేనూ అలాగే చెప్పేవాణ్ణి రైతులకి,
వాళ్ళు నన్ను నమ్మేవాళ్ళు కాదు.

ఆరు నెలలు కాస్తా ఎనిమిదయ్యాయి.
నవంబరులో మళ్ళీ తెర, మళ్ళీ అడ్డకోత.
అయిదు పాయింట్ ఎనిమిది.
ఆరు కాదు, అంది. పెన్ను చివర కొరుకుతూ ఇంకోసారి కొలిచింది.
చాలు.

పాత మరలు రెండూ తీసి పళ్ళెంలో టంగుమని వేసింది.
బరమా తిరగడం మొదలైంది.
ముందు మెత్తటి చప్పుడు, ఆ తర్వాత
కర్ర చివర గట్టి బంకమన్ను తగిలినప్పుడు
అరచేతికి తెలిసే ఆ బరువు.
అది ఆమెకూ తెలిసింది, కనుబొమలు దించింది.

బయట లేవార్డెన్ మీద వాన.
ఎవరో గట్టుకి కన్నం పెడుతున్నారు,
నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను.